‘ఇంకొక్కసారి’: చిన్న ఆటల పెద్ద ఆకర్షణ

కొన్ని ఆటలు నేర్చుకొనడానికి ఒక నిమిషం చాలును. ఆడడానికి ఒక వ్రేలు చాలును. పది సెకన్లలో ఓటమి కలుగుతుంది. అయినా ఆడేవాడు ఫోను క్రింద పెట్టడు. ‘ఇంకొక్కసారి’ అని మళ్ళీ మొదలుపెడతాడు. గంట గడిచిన తరువాత తలయెత్తి చూస్తే గెలిచినది లేదు, చేతికి వచ్చినది లేదు. సులభంగా కనబడి విసుగు పుట్టించే ఇట్టి ఆటలు మనిషిని ఎట్లా పట్టి ఉంచుతున్నవి? ఇందుకు సమాధానం కొంత చరిత్రలో, కొంత గణితంలో, కొంత మనస్తత్వశాస్త్రంలో ఉన్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 వరకు కరీంనగరు జిల్లాలోని పట్టణాలు. ఆ సంవత్సరం అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో మొదటి రెండు జగిత్యాల జిల్లాలోనికి, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోనికి చేరినవి. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో సేద్యంతోపాటు బీడీలు చుట్టే పని అనేక కుటుంబాలకు ఆధారం. ఈ మూడు ప్రాంతాలనుండి పురుషులు బ్రతుకుతెరువుకై గల్ఫు దేశాలకు వెళ్ళడం దశాబ్దాలుగా ఉన్నది. అట్టి ఇండ్లలో సెల్‌ఫోను విలాసవస్తువు కాదు. దూరాన ఉన్నవారి గొంతు వినిపించే సాధనం. 2016 తరువాత ఇంటర్నెట్టు ధర బాగా తగ్గినందున గొంతుతోపాటు ముఖంకూడా కనబడసాగినది. అదే ఫోనులో ఆటలుకూడా ఇంటిలోనికి వచ్చినవి.

2019 మార్చిలో జగిత్యాల ప్రాంతపు యువకుడొకడు పబ్‌జీ అనే యుద్ధక్రీడను వారాల తరబడి విడువక ఆడి, మెడనొప్పితో ఆసుపత్రిలో చేరి మరణించినాడని పత్రికలు వ్రాసినవి. ఒక వార్తనుబట్టి ఒక వ్యాధికి కారణాన్ని నిర్ణయించడం శాస్త్రపద్ధతి కాదు. కాని ఆ వార్త తరువాత తల్లిదండ్రుల దృష్టి అంతా తుపాకులు, పోరాటాలుగల పెద్ద ఆటలమీదనే నిలిచినది. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీని నిషేధించినది. ఒక పక్షిని ఎగిరించే ఆట, ఒక పామును మేపే ఆట, రంగుబిళ్ళలను జతచేసే ఆట మాత్రం ఎవరి కంటికీ ప్రమాదంగా కనబడలేదు. అయినా కాలాన్ని నిశ్శబ్దంగా తీసుకుపోయేవి ఈ చిన్న ఆటలే.

గవ్వలు నేర్పిన పాఠం

ఈ ఆకర్షణ యంత్రంతో పుట్టినది కాదు. అష్టాచెమ్మ ఆటను చూడండి. ఇరవైయైదు గళ్ళ పటం, నాలుగు గవ్వలు, కొన్ని కాయలు ఉంటే చాలును. గవ్వలు లేనిచోట చింతగింజలను అరగదీసి వాడతారు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అనగా 4. నాలుగూ బోర్లపడితే అష్ట, అనగా 8. అనేక ఊళ్ళలో పాటించే నియమం ప్రకారం, చెమ్మగాని అష్టగాని పడినప్పుడే కాయ పటంలోనికి దిగుతుంది.

గవ్వ వెల్లకిల పడడానికీ బోర్ల పడడానికీ సమానమైన అవకాశం ఉన్నదనుకుంటే, నాలుగు గవ్వలు పడే విధాలు మొత్తం 16. వాటిలో కాయను దింపేవి రెండే. అనగా ఎనిమిది సార్లలో ఒకసారి అదృష్టం కలసిరావచ్చును. కాని ఎనిమిదిసార్లు వేసినవానికి తప్పక పడుతుందని కాదు. లెక్క కట్టితే, నూరుమంది ఎనిమిదేసిసార్లు గవ్వలు వేస్తే సుమారు 34 మందికి ఒక్కసారికూడా పడదు. పదహారుసార్లు వేసినా సుమారు 12 మంది ఇంకా బయటనే ఉంటారు. పటం చుట్టూ కూర్చున్నవారిలో ఎవరికో ఒకరికి ఆ దురదృష్టం పట్టడం, వాడు గవ్వలను విదిలించి కోపంతో విసరడం ఈ గణితానికి ఫలితమే. మూడు వెల్లకిల, ఒకటి బోర్ల పడినప్పుడు వాడు ‘కొద్దిలో తప్పినది’ అని అంటాడు. నిజానికి తరువాతి వేటుకు అవకాశం పెరగలేదు, తరగలేదు. మళ్ళీ ఎనిమిదింట ఒకటే. మనస్సుమాత్రం దగ్గరకు వచ్చినట్లు లెక్క వేసుకుంటుంది.

జాతరలలో రింగులు విసిరే ఆటకూడా ఇట్టిదే. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి వంటి క్షేత్రాలలో ఉత్సవాలప్పుడు అంగళ్ళనడుమ ఇట్టి వినోదాలు వెలుస్తవి. సబ్బులు, చిన్న వస్తువులు వరుసగా పేర్చి ఉంటవి. రింగు వస్తువు చుట్టూ పూర్తిగా పడితే ఆ వస్తువు విసిరినవానిది. రింగు వస్తువుకంటె కొద్దిగా మాత్రమే పెద్దదైనందున అంచుకు తగిలి ప్రక్కకు ఒరగడమే ఎక్కువ. దూరంగా పడిన రింగు నిరుత్సాహం కలిగిస్తుంది. అంచుకు తగిలి జారిన రింగు మరొక రూపాయిని జేబునుండి తీయిస్తుంది.

గోటీలు, బొంగరం, ఓనగుంతలు, కచ్చకాయలు, పులిమేక ఆటలలోకూడా ఇదే ఆకర్షణ ఉన్నది. నియమాలు సులభం, నైపుణ్యం కష్టం. దేవాలయాల అరుగులమీద, ఊరిబండలమీద చెక్కిన పులిమేక పటాలు తెలుగుదేశంలో అనేకచోట్ల కనిపిస్తవి. రాతిలో పటం చెక్కినవారు ఆ ఆటను ఒక్కపూటకై చెక్కి ఉండరు. అయితే ఆ ఆటలన్నిటికీ ఒక ముగింపు ఉండేది. గోటీలు అన్నీ ఓడినవాడు ఇంటికి పోవలసినదే. చీకటి పడితే బొంగరం కనబడదు. ఎదుటివాడు లేచిపోతే పులికి మేకలు లేవు. తల్లి పిలుపు, బడిగంట, పొలంపని – ఇవికూడా ఆట నియమాలవలెనే పనిచేసేవి. ఈ ముగింపులు ఒక్కొక్కటిగా ఎట్లా తొలగిపోయినవో చెప్పేదే వీడియో ఆటల చరిత్ర.

నాణెంతో నడిచిన ఆట

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథం అనే భౌతికశాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదానికై ఆసిలోస్కోపు తెరమీద టెన్నిస్ ఆటను చూపించినాడు. ఒక వెలుగు చుక్క బంతి. ఒక చిన్న గీత వల. అంతే. దానిని ఆడడానికి జనం బారులు తీరినారు. ప్రదర్శనదినాలు ముగియగానే ఆటకూడా ముగిసినది. పరికరాన్ని విడదీసి భాగాలను ఇతర పనులకు వాడుకొన్నారు.

1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ అనే ఆటను తయారుచేసినది. దానిని నిర్మించినవాడు ఆలన్ ఆల్కార్న్. సంస్థ స్థాపకులలో ఒకడు నోలన్ బుష్నెల్. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణంలో ఒక పానశాలలో మొదటి యంత్రాన్ని ఉంచినారు. కొద్దిరోజులకే అది చెడిపోయినదని కబురు వచ్చినది. తెరచి చూస్తే లోపల చెడినది ఏమీ లేదు. నాణేలు నిండిపోయినందున యంత్రం ఆగిపోయినది. ‘నేర్చుకొనడానికి తేలికగా, ఆరితేరడానికి కష్టంగా ఉండే ఆటయే మంచి ఆట’ అనే సూత్రం బుష్నెల్ పేరుతోనే ప్రసిద్ధమైనది.

ఈ సూత్రంలో వ్యాపారరహస్యంకూడా ఉన్నది. నాణెంతో ఆడే యంత్రం ముందు ఒకడు గంటసేపు నిలబడితే యజమానికి నష్టం. కాబట్టి ఆట త్వరగా ముగియాలి. కాని ఓడినవాడు ‘యంత్రం మోసం చేసినది’ అనుకుంటే మళ్ళీ రాడు. ‘తప్పు నాదే, ఈసారి సరిచేసుకుంటాను’ అనుకుంటే రెండవ నాణెం తీస్తాడు. త్వరగా ఓడించాలి, అయినా ఓటమి ఆటగాని చేతిలోని పొరపాటుగా కనబడాలి. 1978లో జపానులో తొమొహిరో నిషికాడో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో తోరు ఇవతాని రూపొందించిన ‘పాక్‌మాన్’ ఈ మార్గంలోనివే. అప్పటికి చీకటి పడడం అనే పాత ముగింపు పోయినది. తెర తన వెలుగును తానే ఇచ్చుకుంటుంది. ఎదుటివాడు లేచిపోవడం అనే ముగింపుకూడా పోయినది; యంత్రం లేచిపోదు. జేబులోని నాణేలు అయిపోవడం అనే ముగింపు ఒక్కటి మిగిలినది.

ముక్కలు, పాము, పక్షి

1984లో మాస్కోలో సోవియట్ శాస్త్రపరిషత్తుకు చెందిన గణనకేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ ఆటను రూపొందించినాడు. నాలుగేసి చదరాలతో కూడిన ఏడు రకాల ముక్కలు పైనుండి పడుతూ ఉంటవి. వాటిని త్రిప్పి అడ్డవరుస నిండేటట్లు పేర్చాలి. నిండిన వరుస మాయమవుతుంది; నిండనిది మిగిలి పేరుకుంటుంది. ఇందులో ఒక విచిత్రమున్నది: ఆటగాడు సరిగా చేసిన పని తెరమీదనుండి చెరిగిపోతుంది, చేసిన తప్పు మాత్రం కళ్ళెదుట నిలిచి ఉంటుంది. ఆ తప్పును సరిదిద్దాలన్న తపనే ఆటకు ప్రాణం. 1989లో ఇది చేతిలో ఇమిడే ‘గేమ్‌బాయ్’ పరికరంతో ప్రపంచమంతటా వ్యాపించినది. దీనిని అనుకరించిన చౌకరకం ‘బ్రిక్ గేమ్’ పరికరాలు 1990 దశకంలో భారతదేశపు బజారులలోకూడా అమ్ముడుపోయినవి.

1997లో హైడీ బర్గిల్ అనే గణితవేత్త ఈ ఆటనుగురించి ఒక విషయం నిరూపించినది. వంకరగా ఉండే రెండు రకాల ముక్కలే ఒకదాని తరువాత ఒకటి వస్తూ ఉంటే, ఎంతటి నేర్పరి అయినా చివరకు ఓడక తప్పదు. ముక్కలు యాదృచ్ఛికంగా వస్తున్నంతకాలం, ఎప్పుడో ఒకప్పుడు అట్టి వరుస రాకా తప్పదు. అనగా ఆ ఆటలో శాశ్వతవిజయం లేదు. ఓటమిని వాయిదా వేయడమే ఉన్నది.

అదే 1997లో ఫిన్లండు దేశపు నోకియా సంస్థ తన 6110 ఫోనులో ‘స్నేక్’ అనే పాము ఆటను ఉంచినది. రూపొందించినవాడు తనేలి అర్మాంటో. మేత తిన్నకొద్దీ పాము పొడవు పెరుగుతుంది. తన తోకను తాను తాకితే ఆట ముగుస్తుంది. ఎంత బాగా ఆడితే అంత కష్టమన్నమాట. భారతదేశంలో సెల్‌ఫోను సేవ 1995లో ప్రారంభమైనది. తరువాతి పదేండ్లలో చిన్న పట్టణాలకు చేరిన ఫోనులలో ఈ పాముకూడా చేరినది. దీనికి నాణెం అక్కరలేదు. చివరకు మిగిలిన ముగింపుకూడా అప్పుడు తొలగిపోయినది.

ఈ చరిత్రకు స్పష్టమైన ఉదాహరణ ‘ఫ్లాపీ బర్డ్’. వియత్నాంలోని హనోయి నగరవాసి డాంగ్ గుయెన్ దీనిని రూపొందించి 2013 మే 24న విడుదల చేసినాడు. వ్రేలితో తెరను తాకితే పక్షి కొంచెం పైకి లేస్తుంది. తాకకపోతే క్రిందికి పడుతుంది. ఎదురుగా వచ్చే గొట్టాల సందులలోనుండి దానిని పోనీయాలి. ఒక సందు దాటితే ఒక అంకె. తగిలితే ఆట ముగిసినట్లే. కొన్ని నెలలు ఎవరూ పట్టించుకోని ఈ ఆట 2014 జనవరిలో అనేక దేశాలలో అగ్రస్థానానికి చేరినది. ప్రకటనలమూలంగా రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నట్లు అప్పుడు వార్తలు వచ్చినవి. అట్టి సమయంలో, 2014 ఫిబ్రవరిలో, గుయెన్ స్వయంగా ఆ ఆటను ఉపసంహరించినాడు. తీరికవేళ కొన్ని నిమిషాలు ఆడుకొనడానికి చేసినది వ్యసనంగా మారినదని అతడు చెప్పిన కారణం. ఒక ఆటకు ముగింపు కావాలని దాని నిర్మాతయే గుర్తించిన అరుదైన సందర్భమిది.

ఓటమిలోని లెక్క

ఫ్లాపీ బర్డ్ వంటి ఆట ఎందుకు వదలదో పదవ తరగతి సంభావ్యతతోనే తెలుసుకోవచ్చును. ఒక ఆటగాడు ప్రతి గొట్టాన్ని దాటే అవకాశం 10కి 9 అనుకుందాం. అతడు సగటున 9 గొట్టాలు దాటి పడిపోతాడు. కొంత అభ్యాసంతో అవకాశం 100కి 95 అయినదనుకుందాం. ఇప్పుడు సగటు 19 అవుతుంది. నేర్పు నూటికి 5 పాళ్ళే పెరిగినది, ఫలితం మాత్రం రెట్టింపుకు మించినది. నూరింటికి 10గా ఉన్న తప్పులు 5కు, అనగా సగానికి, తగ్గడమే ఇందుకు కారణం. కొద్ది శ్రమకు ఇంత స్పష్టమైన ప్రతిఫలం పాఠశాలలోగాని, పనిలోగాని అరుదుగా కనబడుతుంది.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. ఆటగాని నేర్పు ఏమాత్రం పెరగలేదనుకుందాం. అవకాశం 10కి 9 దగ్గరనే ఉన్నది. అతడు 50 సార్లు ఆడితే, వాటిలో కనీసం ఒక్కసారైనా 30 గొట్టాలు దాటే అవకాశం నూటికి సుమారు 89 పాళ్ళు. సగటు 9 అయినప్పటికీ ‘ఇంతవరకు అత్యధికం’ అని తెరమీద కనబడే అంకె 30కి మించి ఉండవచ్చును. ఒక్కొక్క ప్రయత్నానికి పావునిమిషం పడితే, 50 ప్రయత్నాలకు పన్నెండున్నర నిమిషాలే పడుతుంది. ఆటగాడు ఆ 30ని తన నిజమైన శక్తిగా భావిస్తాడు. తక్కిన 49 ఓటములను పొరపాట్లుగా భావిస్తాడు. వాస్తవంలో అతని శక్తి 9. 30 అనేది యాదృచ్ఛికం. దానిని మళ్ళీ అందుకోవాలని మరొక యాభైసార్లు ఆడతాడు.

మనస్తత్వశాస్త్రజ్ఞుల పరిశోధనలు

అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు ఫెర్‌స్టర్, స్కిన్నర్ పావురాలు మొదలైన జంతువులమీద చేసిన ప్రయోగాలను 1957లో గ్రంథరూపంలో ప్రకటించినారు. మీటను ఇన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందనే నియమం నిశ్చితంగా ఉన్నప్పుడు, గింజ దొరికిన వెంటనే పావురం కొంతసేపు ఆగుతుంది. ఎన్నవసారి వస్తుందో తెలియనప్పుడు అది ఆగక పొడుస్తుంది. గింజలు పూర్తిగా నిలిపివేసిన తరువాతకూడా చాలసేపు పొడుస్తూనే ఉంటుంది. అష్టాచెమ్మలో గవ్వలు విసిరే చేయి, తెరమీద వ్రేలు ఈ విషయంలో ఆ పావురపు ముక్కుకు చాలా దగ్గర.

1928లో బెర్లినులో మరియా ఓవ్‌సియాంకినా అనే పరిశోధకురాలు మరొక విషయం గమనించినది. చేస్తున్న పనిని మధ్యలో ఆపివేయిస్తే, ఎవరూ చెప్పకపోయినా, బహుమతి లేకపోయినా, మనుష్యులు వీలు చిక్కగానే ఆ పనిని తిరిగి చేపట్టినారు. చిన్న ఆటలలో ప్రతి ఓటమీ ఒక అసంపూర్ణకార్యమే. పని పూర్తికాలేదన్న భావమే ‘ఇంకొక్కసారి’ అనిపిస్తుంది.

2009లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ల్యూక్ క్లార్క్, అతని సహచరులు ‘కొద్దిలో తప్పిపోవడం’ గురించి పరీక్షలు జరిపినారు. బొమ్మలు తిరిగే జూదపుయంత్రం వంటి ఆటను ఆడిస్తూ మెదడును పరిశీలించినారు. కొద్దిలో తప్పినప్పుడు ఆడినవారికి అసంతృప్తి కలిగినది; అయినా గెలుపు సమయంలో చురుకుగా ఉండే మెదడు భాగాలలో కొన్ని అప్పుడుకూడా చురుకైనవి. ఆటగాడు బొమ్మను తానే ఎంచుకొన్నప్పుడు, కొద్దిలో తప్పిన ఓటమి మళ్ళీ ఆడాలనే కోరికను హెచ్చించినది. యంత్రమే ఎంచినప్పుడు అట్లా హెచ్చించలేదు. ఫలితం పూర్తిగా యాదృచ్ఛికమైనప్పటికీ, ‘నా చేతిలో ఉన్నది’ అన్న భావన చాలినది. పాంగ్ నాటినుండి ఆటల నిర్మాతలు అనుభవంవలన పాటించిన సూత్రానికి ఈ పరిశోధన ఒక శాస్త్రీయమైన ఆధారం చూపినది.

1998లో లండనులో ఎనిమిదిమంది స్వచ్ఛందసేవకులు వీడియో ఆట ఆడుతుండగా జరిపిన పరీక్షలో, వారి మెదడులో డోపమీన్ అనే రసాయనపదార్థం విడుదల పెరిగినట్లు కనుగొన్నారు. ఈ పరీక్షను తప్పుగా అర్థం చేసుకొనరాదు. ఆకలివేళ అన్నం, స్నేహితుని రాకకూడా ఈ రసాయనంతో సంబంధించినవే. డోపమీన్ విడుదల కావడమే వ్యాధి కాదు. ఎదురుచూచిన దానికీ వచ్చిన దానికీ గల తేడాను మెదడు నేర్చుకొనే విధానంలో ఇదొక భాగం.

‘ఇంకొక్కసారి’కి ధర

2012లో వచ్చిన ‘కాండీ క్రష్’ ఆటతో చరిత్ర మరొక మలుపు తిరిగినది. ఇందులో ఆటగానికి అయిదు ప్రాణాలు ఉంటవి. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి. ఆగలేనివాడు డబ్బు చెల్లించి వెంటనే పొందవచ్చును. పూర్వం నాణెంతో ఆటను కొనేవారు. ఇప్పుడు ఆట ఉచితం. ఓటమి తరువాత కలిగే తొందరకు ధర కట్టినారు. మరికొన్ని ఆటలలో ఓడిన వెంటనే ప్రకటన చూస్తే మళ్ళీ ఆడనిస్తారు. అక్కడ చెల్లించేది డబ్బు కాదు, కాలం.

ఇంకొక అడుగు ముందుకు వేస్తే పందెపు ఆట. ఈ విషయంలో తెలుగుదేశానికి ఒక ప్రత్యేకచరిత్ర ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పేకాడినవారిపై పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరు 22న తీర్పు చెప్పుతూ, రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదని, అందులో నైపుణ్యమే ప్రధానమని నిర్ణయించినది. ఏ ముక్కలు పడినవో జ్ఞాపకముంచుకొనాలి, ఏది పట్టాలో ఏది విడవాలో తెలియాలి అన్నది ఆ తీర్పుకు ఆధారం. అర్ధశతాబ్దం తరువాత అదే ఆట ఫోనులోనికి వచ్చినది. క్లబ్బుకు తలుపులు మూసే వేళ ఉండేది. ఎదుట తెలిసిన ముఖాలు ఉండేవి. ఫోనులో ఆ రెండూ లేవు. నైపుణ్యమున్నదనే భావమే ఓడినవానిని మళ్ళీ కూర్చోబెట్టినది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974నాటి జూదనిరోధకచట్టాన్ని సవరించి, డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. 2020లో ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని సవరించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించే చట్టాన్ని ఆమోదించినది; ఆగస్టు 22న రాష్ట్రపతి సమ్మతి లభించినది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత ప్రశ్నను ఆ చట్టం ప్రక్కకు పెట్టినది. డబ్బు పెట్టి డబ్బు ఆశించడమే అందులో గీటురాయి. డబ్బు లేని ఆటలు, పోటీక్రీడలు ఆ నిషేధంలోనికి రావు.

అలవాటు, వ్యాధి

ఎక్కువసేపు ఆడిన ప్రతి విద్యార్థీ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ సంస్కరణలో ఆటల వ్యసనాన్ని చేర్చినది. దీనిని 2019 మేలో సభ్యదేశాలు ఆమోదించగా, 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. అందులో మూడు లక్షణాలు చెప్పినారు: ఆటపై అదుపు తప్పడం, తక్కిన పనులన్నిటికంటె ఆటకే ప్రాధాన్యం పెరగడం, హాని కలుగుతున్నా ఆట కొనసాగడం. ఇవి చదువును, కుటుంబజీవితాన్ని గట్టిగా దెబ్బతీస్తూ, సాధారణంగా పన్నెండు నెలలు కనబడితేనే వైద్యుడు వ్యాధిగా గుర్తిస్తాడు. ఉపాధ్యాయుడు తొందరపడి పేరు పెట్టరాదు; గమనించి, తల్లిదండ్రులతో మాట్లాడి, అవసరమైతే వైద్యుని చూపించాలి. 2022 అక్టోబరులో భారతప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 అనే సంఖ్యకు ఉచితంగా ఫోనుచేసి సలహా పొందవచ్చును.

వ్యాధి కానంతమాత్రాన నష్టం లేదని కాదు. సిరిసిల్లలో మరమగ్గం ముందు నిలబడిన కార్మికుడుకూడా మాటిమాటికి తెగిన పోగును ముడివేస్తాడు. విసుగు అక్కడా ఉన్నది. మళ్ళీ మళ్ళీ చేయడం అక్కడా ఉన్నది. కాని సాయంకాలానికి నేసిన గుడ్డ మగ్గంమీద కనబడుతుంది. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీకి సాయంకాలానికి కట్టలు లెక్కకు వస్తవి. చిన్న ఆటలో ప్రతి ఓటమితోనూ లెక్క మళ్ళీ సున్న. మిగిలేది ‘అత్యధికం’ అనే ఒక్క అంకె. అదికూడా పెక్కుసార్లు యాదృచ్ఛికమేనని పైన చూచినాము.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విషయాన్ని ఉపదేశంకంటె ప్రయోగంద్వారా చెప్పడం మంచిది. విద్యార్థులకు నాలుగేసి గవ్వలుగాని, అరగదీసిన చింతగింజలుగాని ఇచ్చి నూరేసిసార్లు వేయించండి. చెమ్మ, అష్ట ఎన్నిసార్లు పడినవో, రెండింటి మధ్య ఎన్ని వేట్లు వ్యర్థమైనవో వ్రాయించండి. గవ్వ వెల్లకిల, బోర్ల పడే అవకాశాలు నిజంగా సమానమేనా అన్నదికూడా ఈ లెక్కలో తేలుతుంది. సమానం కాకపోతే 16కు 2 అన్న లెక్కను ఎట్లా మార్చాలో పెద్ద తరగతులవారు ఆలోచించవచ్చును.

ఫోనులో ఆట ఆడే విద్యార్థి వరుసగా ఇరవై ప్రయత్నాల ఫలితాలను కాగితంమీద వ్రాసి సగటు కట్టాలి. ఆ సగటును తెరమీది ‘అత్యధికం’తో పోల్చితే, తన నేర్పు నిజంగా ఎంతో తెలుస్తుంది. వారం తరువాత మళ్ళీ ఇరవై ప్రయత్నాలు వ్రాసి చూస్తే నేర్పు పెరిగినదా, ఆడిన సంఖ్యయే పెరిగినదా అన్నది తేలుతుంది. ఈ పరీక్షకు ఇంకొక ప్రయోజనం ఉన్నది. ‘ఇరవై’ అని ముందుగా అనుకొన్నందువలన ఆటకు ఒక ముగింపు ఏర్పడుతుంది.

పూర్వం ఆ ముగింపును చీకటి ఇచ్చేది, తోటివారు ఇచ్చేవారు, ఓడిపోయిన గోటీలు ఇచ్చేవి. యంత్రం వాటిని తొలగించినది. కాబట్టి ఆట ఎప్పుడు చాలించాలో ఆట మొదలుపెట్టకముందే నిర్ణయించుకొనడం నేటి విద్యార్థి నేర్వవలసిన నైపుణ్యం. సందు దాటించే నేర్పుకంటె అది కష్టమైనది.